మూడో సిలిండరు, పదకొండున్నర వేలు

బెంగళూరు సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర మా మొక్కల బండి ఆగినప్పుడల్లా వెనక ఉన్న క్రోటన్ మొక్కల ఆకులు వణికేవి. అది మే నెల, గాలి ఊసే లేదు. అయినా అద్దంలో చూస్తే ఆకులన్నీ ఒకే లయలో ఊగుతూ కనిపించేవి. బానెట్ తెరవక్కర్లేదు, సైలెన్సర్ దగ్గర చెవి పెట్టక్కర్లేదు. ఇంజినులో ఇంధనం మండే నాలుగు సిలిండర్లలో ఒకటి పని చెయ్యట్లేదని ఆ ఆకులే చెప్పేసేవి. సిగ్నల్ పడి యాక్సిలరేటర్ తొక్కగానే వణుకు పోయేది. ఇబ్లూరు దగ్గర ఆగితే మళ్ళీ మొదలు.

నాలుగు నెలలు ఈ మిస్సింగ్‌తోనే తిరిగాం. ఆ నాలుగు నెలల్లో మూడు గ్యారేజీలు, పదకొండున్నర వేల రూపాయల ఖర్చు. చివరికి జబ్బు దొరికాక చూస్తే, దానికి కొత్త సామాను దాదాపు అక్కర్లేకపోయింది. ఇది రాయడానికి కారణం డబ్బు పోయిందన్న బాధ ఒక్కటే కాదు. మనమంతా అలవాటుగా పాటిస్తున్న ఒక పద్ధతి తప్పని నాకు గట్టిగా అనిపించింది. మెకానిక్ మార్చిన సామానుకి డబ్బులిస్తాం. అతను కూర్చుని చూసిన గంటకి ఇవ్వం. ఇవ్వం కాబట్టి ఎవరూ కూర్చుని చూడరు.

ముందు మా సంగతి చెప్తాను. మాది కడియం దగ్గర ఊరు. బావ, నేను కలిసి సర్జాపుర రోడ్డులో చిన్న నర్సరీ నడుపుతున్నాం. కడియం నుంచి లారీలో మొక్కలు దిగుతాయి. వాటిని ఇక్కడి అపార్టుమెంట్లకీ ఆఫీసులకీ చేరవేసేది మా చిన్న ట్రక్కు. ఎనిమిదేళ్ళ బండి, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిను, సీఎన్‌జీ కూడా ఉంది. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది, అందులో ముప్పావు వంతు గ్యాసు మీదే. ఈ గ్యాసు సంగతి గుర్తు పెట్టుకోండి, కథంతా చివరికి అక్కడికే వస్తుంది.

మిస్సింగ్ అంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. నాలుగు సిలిండర్ల ఇంజిను ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు, నిమిషానికి ఎనిమిది వందల సార్లు తిరుగుతోందనుకోండి. ఒక్కో సిలిండరు రెండు చుట్లకి ఒకసారి మండుతుంది. అంటే ఒక్కోటీ నిమిషానికి నాలుగు వందల సార్లు, నాలుగూ కలిపి పదహారు వందల సార్లు. మామూలుగా ఆ మంటలు 1-3-4-2 వరసలో పడతాయి. ఆ వరసలో మూడో నంబరు దగ్గర ప్రతిసారీ ఒక దెబ్బ తప్పిపోతే సెకనుకి ఆరేడు సార్లు ఇంజిను తడబడుతుంది. మా క్రోటన్లు ఊగింది ఆ లెక్కకే.

బండిలో ఉన్న కంప్యూటరు కూడా దీన్ని ఇలాగే పట్టుకుంటుంది. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. మంట పడినప్పుడల్లా క్రాంక్ కొంచెం వేగం అందుకోవాలి. అందుకోకపోతే ఎవరి వంతులో అందుకోలేదో లెక్క చూసి కోడ్ రాసిపెడుతుంది. పి0301 నుంచి పి0304 వరకు ఉన్న కోడ్లు అవే, చివరి అంకె సిలిండరు నంబరు. మాది పి0303.

మొదటి గ్యారేజీలో కోడ్లు చదివే స్కానర్ పెట్టారు, పి0303 చూశారు, "మూడో కాయిల్ పోయింది" అన్నారు. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టడానికి కరెంటు ఇచ్చేది కాయిల్. నేను నమ్మాను. ఆ కోడ్‌లో కాయిల్ అన్న మాటే లేదని ఇప్పుడు తెలుసు. మూడో సిలిండర్లో మంట సరిగ్గా పడలేదు అన్నంత వరకే అది చెప్తుంది. ఎందుకు పడలేదో చెప్పదు. మంట పడాలంటే నిప్పురవ్వ కావాలి, గాలీ ఇంధనమూ సరైన పాళ్ళలో కావాలి, ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కిపెట్టే కంప్రెషన్ కావాలి. ఇవన్నీ సమయానికి జరగాలి. వీటిలో ఏది తప్పినా వచ్చేది అదే కోడ్. కానీ నాలుగు ప్లగ్గులకి 1,100, కాయిల్‌కి 2,400 ఇచ్చి బయటికొచ్చాను. కాయిల్ కోసం జేసీ రోడ్డు దాకా నేనే వెళ్ళాను, ఒరిజినల్ దొరకాలని నాలుగు షాపులు తిరిగాను. మర్నాడు ఉదయం బండి చక్కగా స్టార్టయింది. పది నిమిషాల తర్వాత అగర చెరువు దాటేసరికి ఆకులు మళ్ళీ వణికాయి.

ప్లగ్గుల గురించి మాత్రం ఆ గ్యారేజీని తప్పు పట్టను. ప్లగ్గు అరిగిపోయే వస్తువు, దాన్ని ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే. నా బాధ ఏమిటంటే, తీసిన పాత ప్లగ్గుల్ని ఒక్క నిమిషం కూడా చూడకుండా డబ్బాలో పడేశారు. ప్లగ్గు కొస మీద మసి ఉందా, నూనె తడి ఉందా, తెల్లగా కాలిపోయిందా అన్నది ఆ సిలిండరు లోపలి పరిస్థితికి సాక్ష్యం. నాలుగు ప్లగ్గుల్నీ వరసగా పెట్టి మూడోది మిగతా వాటికన్నా తేడాగా ఉందా అని చూడ్డానికి పైసా ఖర్చు లేదు.

రెండో గ్యారేజీలో మాట మారింది. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేశారు, 1,800. తగ్గలేదు. మూడో ఇంజెక్టర్ మార్చారు, 3,200. తగ్గలేదు. అప్పుడు స్కానర్లో ఇంకో కోడ్ కనిపించింది, మిశ్రమంలో ఇంధనం తక్కువైందని. "ఆక్సిజన్ సెన్సర్ మార్చాలి సార్" అన్నారు. ఇక్కడ చాలామంది మోసపోతారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. సిలిండర్లో మంట పడకపోతే అందులోకి వెళ్ళిన గాలి వెళ్ళినట్టే సైలెన్సర్ దారి పడుతుంది. ఆ గాలిలో ఆక్సిజన్ ఖర్చు కాకుండా ఉంటుంది. సెన్సర్ చూసేది ఆక్సిజన్‌నే, కాలని పెట్రోల్ దానికి కనిపించదు. అందుకని "ఆక్సిజన్ ఎక్కువ ఉంది, ఇంధనం చాలట్లేదు" అని కంప్యూటరుకి చెప్తుంది. కంప్యూటరు ఇంకా పెట్రోల్ పోస్తుంది. సెన్సర్ అబద్ధం చెప్పట్లేదు, చూసిందే చెప్తోంది. మిస్సింగ్ వల్ల పుట్టిన కోడ్‌ని మిస్సింగ్‌కి కారణం అనుకుని సెన్సర్ మార్చేస్తే డబ్బు పోతుంది, జబ్బు అక్కడే ఉంటుంది. ఆ సెన్సర్ మాత్రం నేను మార్పించలేదు. అప్పటికే చేతిలో డబ్బులు లేక ఆగాను, తెలిసి కాదు.

మూడో చోట గ్యాసు ఫిల్టరు మార్చి, ట్యూనింగ్ చేశారు. 1,500. మూడు చోట్లా కలిపి లేబరు మరో 1,500. పెట్రోల్లో కలిపే ఇథనాల్ వల్లే ఇదంతా అని కూడా అక్కడే విన్నాను. బెంగళూరులో ఆ మాట ఎవరి నోట చూసినా ఉంది. 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌ని 2023 ఫిబ్రవరి 6న ప్రధాని ప్రారంభించింది ఈ ఊళ్ళోనే, ఇండియా ఎనర్జీ వీక్ సభలో. పాత బళ్ళకి ఇథనాల్‌తో ఇబ్బందులు లేవని నేననను. లీటరుకి లెక్కేస్తే పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ శక్తి దానిది, మైలేజీ కొంత తగ్గుతుంది, పాత రబ్బరు గొట్టాలకి అది పడకపోవచ్చు. కానీ మా బండి గ్యాసు మీద నడుస్తున్నప్పుడు కూడా మిస్ కొడుతోంది! గ్యాసులో ఇథనాల్ ఎక్కడిది? ఆ ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు.

ఆ ప్రశ్న వేసింది బొమ్మనహళ్ళి లోపలి రోడ్డులో షెడ్డు నడిపే ఒక పెద్దాయన. హిందూపురం వైపు మనిషి, అరవైకి దగ్గర్లో ఉంటారు. ఆగస్టు మొదటి వారం, లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన రోజులు. మాకు ఏడాదిలో అమ్మకాలు జోరుగా ఉండే సమయం. బండి షెడ్డులో పెడితే రోజుకి ఐదారు డెలివరీలు పోతాయన్న టెన్షన్‌తోనే వెళ్ళాను.

ఆయన బానెట్ తెరవలేదు. స్టూలు మీద కూర్చుని అడిగారు.

"చల్లగున్నప్పుడు కొడ్తాదా నాయనా, వేడెక్కినాక కొడ్తాదా?"

"వేడెక్కాకేనండీ. పది పదిహేను నిమిషాలకి."

"నిలబడినప్పుడా, పోయేటప్పుడా?"

"నిలబడినప్పుడే. తొక్కితే పోతుంది."

"గ్యాసులోనా, పెట్రోల్లోనా?"

"రెండింట్లోనూ అండీ."

"మరి పెట్రోల్ ఇంజెక్టరు ఎందుకు మార్చినారు?"

నా దగ్గర జవాబు లేదు. మా బండిలో గ్యాసుకి వేరే ఇంజెక్టర్లు, పెట్రోల్‌కి వేరే ఇంజెక్టర్లు. రెండు ఇంధనాల్లోనూ ఒకే సిలిండరు మిస్ కొడుతోందంటే ఇంధనం దారి రెండు వైపులా ఒకేసారి పాడయ్యే అవకాశం చాలా తక్కువ. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి నిప్పురవ్వ, కంప్రెషన్, గాలి దారి. గ్యాసు నుంచి పెట్రోల్‌కి మార్చే ఒక్క స్విచ్చు నొక్కి చూస్తే సగం అనుమానాలు తీరిపోయేవి. ఆ స్విచ్చు నాలుగు నెలలు నా డాష్‌బోర్డు మీదే ఉంది. ఐదు వేల రూపాయల ఇంజెక్టర్ పని ఆ ఒక్క ప్రశ్నతో ఆగిపోయి ఉండేది.

"పోయి ఒక రౌండు తిరిగి వేడి చేసుకొని రా. చల్ల బండిలో నేనేం చూసేది?" అన్నారు. బీటీఎం దాకా వెళ్ళి వచ్చాను. బండి ఆపకుండా, పెట్రోల్ మీద పెట్టి, ఒక్కో ఇంజెక్టర్ కనెక్టరూ పీకి పెట్టారు. మొదటిది పీకగానే ఇంజిను కుంగి ఇంకా ఊగింది. రెండోది, నాలుగోది కూడా అంతే. మూడోది పీకితే ఏ మార్పూ లేదు. పని చేసేదాన్ని ఆపితే తేడా తెలుస్తుంది, పని చెయ్యనిదాన్ని ఆపితే ఏం తెలుస్తుంది! కాయిల్ పీకకుండా ఇంజెక్టరే ఎందుకు పీకారని అడిగాను. కాయిల్ పీకితే కాలని పెట్రోల్ వెళ్ళి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లో మండుతుందట, దాని లోపలి సిరామిక్ జల్లెడ వేడికి పాడవుతుందట. డ్యాష్‌లో చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఊరుకోకుండా మిణుకుమిణుకుమంటే అర్థం కూడా అదే. అలాంటప్పుడు బండి నడపకూడదు. ప్లాటినం, పలాడియం, రోడియం పూసిన ఆ కన్వర్టర్ ధర ముందు మిగతావన్నీ చిల్లర ఖర్చులే.

తర్వాత మూడో కాయిల్‌ని తీసి ఒకటోదాని మీద పెట్టారు, ఒకటోది మూడోదాని మీద. "కాయిల్ కొత్తదేనండీ" అన్నాను. "కొత్తదైతే మంచిదని ఎవరు చెప్పినారు?" అన్నారు. ఆయన అనుమానంలో న్యాయం ఉంది. కాయిల్ లోపలి చుట్టలు కూడా వేడెక్కాకే తెగి, చల్లారాక కలుస్తుంటాయి. కాబట్టి వేడికి మిస్ కొడుతోందన్న ఒక్క గుర్తుతో ఏదీ తేల్చలేం. కాయిల్ తప్పైతే జబ్బు కాయిల్‌తో పాటే ఒకటో నంబరుకి పోవాలి. పోలేదు. స్కానర్లో మళ్ళీ పి0303. ఇదంతా పది నిమిషాల పని, ఖర్చు సున్నా. నేను కొన్న 2,400 కాయిల్ అక్కర్లేనిదని ఈ పది నిమిషాల్లో తేలిపోయింది.

అప్పుడాయన షెడ్డులో ఉన్న పాత పేపర్లోంచి అరచేతి వెడల్పు ముక్క చించి, సైలెన్సర్ మూతి దగ్గర వదులుగా పట్టుకున్నారు. పొగ తోసినప్పుడు పేపరు బయటికి ఎగరాలి. ఎగిరింది. కానీ ఉన్నట్టుండి చటుక్కున వెనక్కి వెళ్ళి గొట్టం మూతికి అతుక్కుంది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ అతుక్కుంది. నేను వంగి చూశాను. సైలెన్సర్ ఊదుతూ ఊదుతూ మధ్యలో ఊపిరి లోపలికి పీలుస్తోంది. కాలిన పొగని బయటికి వదిలి మూసుకోవాల్సిన ఎగ్జాస్ట్ వాల్వ్ సందు వదిలేస్తే, పిస్టన్ కిందికి దిగేటప్పుడు సైలెన్సర్ వైపు నుంచి కూడా లాగుతుంది. ఆయన ఏమీ మాట్లాడకుండా పేపరు ముక్క నా చేతికిచ్చి సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ తెచ్చుకున్నారు.

నాలుగు ప్లగ్గులూ తీశారు, ఇంజెక్టర్లకీ కాయిళ్ళకీ కరెంటు తీసేశారు. నేను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాను. ఒకటి నుంచి నాలుగు దాకా, పీఎస్ఐలో, 175, 170, 115, 172. మూడోది ఎంత పడిపోయిందో చెప్పక్కర్లేదు. ఆ సిలిండర్లో ఒక చెంచా ఇంజినాయిల్ పోసి మళ్ళీ కొట్టించారు. 120. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి గాలి కిందికి పోతుంటే నూనె ఆ సందుల్ని కాసేపు మూసి అంకె బాగా పెరిగేది. పెరగలేదంటే గాలి పైనుంచి పోతోంది. వాల్వ్.

మర్నాడు ఉదయం, బండి పూర్తిగా చల్లారాక, వాల్వ్‌ల పైన ఉండే ట్యాపెట్ కవరు తీశారు. మా ఇంజినుది స్క్రూతో సరిచేసుకునే రాకర్ ఆర్మ్. వాల్వ్ కాడకీ దాన్ని నొక్కే ఆర్మ్‌కీ మధ్య చాలా సన్నని ఖాళీ ఉండాలి. ట్యాపెట్ చూడడమంటే ఆ ఖాళీ చూడడమే. మూడో సిలిండరు ఎగ్జాస్ట్ వైపు ఒకదానిలో ఖాళీ కొలిచే ఫీలర్ గేజ్‌లోని అన్నిటికన్నా సన్నని రేకు కూడా కష్టం మీద దూరింది. మిగతా ఎగ్జాస్ట్ వాల్వ్‌లు కూడా బిగుసుకునే ఉన్నాయి, ఇంత కాకపోయినా.

ఎందుకిలా అవుతుందన్నది ఆయన చెప్పినదీ, నేను తర్వాత చదివి అర్థం చేసుకున్నదీ కలిపి రాస్తున్నాను. గ్యాసు పొడి ఇంధనం. పెట్రోల్‌లా తడిగా వచ్చి వాల్వ్‌నీ, అది కూర్చునే సీటునీ చల్లబరచదు. వాల్వ్ పదే పదే వచ్చి తగిలే తాకిడికి సీటు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం అరుగుతుంది, వాల్వ్ లోపలికి దిగుతుంది. వాల్వ్ దిగితే దాని కాడ పైకి వస్తుంది, ఖాళీ తగ్గుతుంది. ఇంజిను నడుస్తుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ బాగా వేడెక్కి ఆ కాడ ఇంకా సాగుతుంది. అప్పుడు ఆ మిగిలిన ఖాళీ కూడా పోయి, వాల్వ్ పూర్తిగా మూసుకోదు. అందుకే ఉదయం బాగుండేది, పది నిమిషాలకి మొదలయ్యేది. వేగంగా తిరిగేటప్పుడు గాలి కారిపోవడానికి వ్యవధి చాలదు కాబట్టి తొక్కితే పోయేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 దాకా సీసం కలిపిన పెట్రోల్ అమ్మేవాళ్ళు. ఆ సీసం వాల్వ్ సీట్ల మీద పూతలా కూర్చుని అరుగుదలని ఆపేది. అది పోయాక కంపెనీలు గట్టి సీట్లు వేస్తున్నాయి, అయినా గ్యాసు బండికి ట్యాపెట్ల మీద కన్ను ఉంచాల్సిందే. ఎనిమిదేళ్ళలో మేం ఒక్కసారి కూడా చూపించలేదు. ఆయిలు మార్చాం, ఫిల్టర్లు మార్చాం, బ్రేకులు మార్చాం. చప్పుడు వస్తేనే ట్యాపెట్లు చూపించాలనుకున్నాం. బిగుసుకుపోయిన ట్యాపెట్ చప్పుడు చెయ్యదని మాకు తెలియదు. కాస్త టకటకమనే ట్యాపెట్ కన్నా పూర్తిగా మౌనంగా ఉన్నదే ప్రమాదం.

సిలిండరుకి రెండేసి చొప్పున ఎనిమిది ఎగ్జాస్ట్ వాల్వ్‌లూ, వాటితో పాటు గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వైపువీ సెట్ చేశారు. బండి వేడి చేసి మళ్ళీ గేజ్ పెడితే మూడోది 160. వణుకు పోయింది.

ఇప్పుడు నేను మొదట అన్న మాటకి వస్తాను. మూడు గ్యారేజీల వాళ్ళూ మోసగాళ్ళని నేననను. మొదటి గ్యారేజీలో నేను అడిగిన మొట్టమొదటి మాట "ఎంతసేపు పడుతుంది? పదకొండింటికి డెలివరీ ఉంది" అని. అలా అడిగినవాడికి ఎవరైనా ఏం చేస్తారు? ఎక్కువ బళ్ళకి ఏది పోతుందో అది మారుస్తారు. పైగా "ఊరికే చూసినందుకు డబ్బులేంటి" అని లేబరు దగ్గర రెండు వందలు తగ్గించింది కూడా నేనే. కాయిల్ ధర దగ్గర మాత్రం నోరెత్తలేదు. షెడ్డు అద్దె, కుర్రాళ్ళ జీతాలు సామాను మీద మిగిలే డబ్బుల్లోంచే రావాలంటే సామాను అమ్మక తప్పదు. ఆ పరిస్థితి తెచ్చింది మనమే.

బోరు వేసే ముందు పాయింటు చూసేవాడు కొబ్బరికాయ పట్టుకుని పొలమంతా నడిస్తే అడిగినంత ఇస్తాం. నీళ్ళు పడకపోయినా ఇచ్చింది తిరిగి అడగం. డాక్టరు మందు రాయకుండా "ఏం లేదు, నీళ్ళు తాగండి" అన్నా ఓపీ ఫీజు కట్టే వస్తాం. గేజ్ పెట్టి, కాయిళ్ళు అటూ ఇటూ మార్చి చూసి, ఇది కాదు, ఇది కాదు అని ఒక్కోటీ తేల్చేవాడికి మాత్రం ఆ గంటకి విలువ కట్టం.

ఆగితే నష్టం కదా అని నా తోటి బండి వాళ్ళు అంటారు. నిజమే. రోజు ఆగితే మాకు రెండు మూడు వేలు పోతాయి. ప్లగ్గులు మార్చి చూస్తే వెయ్యితో పోతుందేమో అన్న ఆశా నిజమే, కొన్నిసార్లు పోతుంది కూడా. కానీ అది పని చెయ్యనప్పుడు రెండో ఊహకి, మూడో ఊహకి వెళ్ళేముందు ఆగాలి. మేం ఆగలేదు, నాలుగు నెలలు, రోజుకి ఇన్ని లీటర్లని అదనంగా తగలేస్తూ తిరిగాం. ఆయన షెడ్డులో బండి ఉన్నది ఒక సాయంత్రం, ఒక పూట.

ఇప్పుడు ఏ బండి ఇచ్చినా ముందు ఒక కాగితం మీద రాసి ఇస్తున్నాను. చల్లగానా, వేడిగానా. నిలబడితేనా, పోయేటప్పుడా. ఏ ఇంధనంలో. వాన పడినప్పుడు ఎక్కువా. అంతకు ముందు ఏం మార్చారు. మెకానిక్‌కి సగం పని అక్కడే అవుతుంది. జబ్బు కనిపించే సమయంలోనే బండి తీసుకెళ్తున్నాను, నాకు ఖాళీ ఉన్న సమయంలో కాదు.

ఆ రోజు బిల్లు రాయమంటే ఆయన బిల్లు పుస్తకం తీసి "ట్యాపెట్ కవర్ గాస్కెట్ 450, ట్యాపెట్ సెట్టింగ్ 900" అని రాసి మొత్తం వేశారు.

"నిన్న సాయంత్రం రెండు గంటలు చూశారు కదండీ, అది రాయలేదు" అన్నాను.

"చూసిందానికి ఏం రాసేది నాయనా?"

"చెకింగ్ అని రాయండి. వెయ్యి."

ఆయన కాసేపు పుస్తకం వైపే చూశారు. సామాను పేరు, సంఖ్య, రేటు అని గడులు అచ్చువేసిన పుస్తకం అది. చివరికి సామాను గడిలోనే "చెకింగ్" అని రాసి, సంఖ్య గడి ఖాళీగా వదిలి, రేటులో 1,000 వేసి, కుర్రాణ్ణి పిలిచి మూడు టీలు చెప్పారు. పదివేల కిలోమీటర్ల తర్వాత ట్యాపెట్లు మళ్ళీ చూపించమన్నారు. ఖాళీ అప్పటికే బాగా తగ్గిపోయి ఉంటే సీటు ఇంకా అరుగుతున్నట్టు, ఇక ఇంజిను పైభాగం, అంటే హెడ్, దించాల్సిందే అన్నారు. మొన్నటికి తొమ్మిది వేలయ్యాయి. వచ్చే సోమవారం, కడియం లారీ దిగే రోజు కాకుండా చూసుకుని, బండి తీసుకెళ్తున్నాను.